పిలిచినోడే పలికితే ఎట్టా

నోరెత్తకూడదంట. నేను, అప్పాయమ్మని, నోరెత్తకూడదంట. కన్నకొడుకు చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, విజ్జేశ్వరం లాకుల కాడ నీళ్ళు నిండేదాకా పడవ ఆగితే, నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుని గంగమ్మ మీద ఒట్టు కూడా వేయించుకున్నాడు. "పాటల బడి కాడ నువ్వు పలక్కమ్మా. ఎవరేమన్నా పలక్కు. నే బయటికొచ్చేదాకా నోరు కట్టేసుకో." సరే నాయనా అన్నాను. అన్నానే గానీ లోపలెంత మండిందో నాకే తెలుసు. ఈ నోటితో అరిచి పాలకొల్లు సంతలో చేపలమ్మకపోతే ఈడికి పలకెక్కణ్ణుంచొచ్చింది, బలపమెక్కణ్ణుంచొచ్చింది, ఒంటి మీదున్న ఆ చొక్కా ఎక్కణ్ణుంచొచ్చింది? ఇప్పుడు ఆ నోరే నామోషీ అయిపోయింది దొరబాబుకి. ఇదిగో, పొద్దున్ననగా లోపలికెళ్ళినోడు ఇంకా రాలేదు. నేను వీధికి ఇవతల ఎవరిదో పెంకుటింటి గోడ నీడలో, ఎండు నెత్తళ్ళ గంప పక్కనెట్టుకుని, మూగదాన్లా కూచున్నాను. నోటికి ఒట్టుంది గానీ మనసుకి లేదుగా, అది మటుకు ఆగటం లేదు.

మూగదాన్లా ఏంటి, మూగదాన్నే అనుకున్నాడు గేటు కాడ బంట్రోతు. చిట్టియ్యంట ఆడి పేరు, లోపల్నించి ఎవరో కేకేస్తే తెలిసింది. ముందు గేటు పక్కనే కూచోబోయాను. "ఏమ్మో, ఆ గంపతో ఇక్కడ చతికిలబడతావేంటి, లోపల పెద్ద పెద్ద పంతుళ్ళున్నారు, కంపు, కంపు, అవతలికి పో" అన్నాడు. ఆ పక్కనే జట్కా గుర్రం కుప్పగా వేసింది వేసినట్టుంది, దానికేమీ కంపు లేదంట! మామూలప్పుడైతే ఆడి ముత్తాతని కూడా లేపి అడిగేదాన్ని. ఒట్టు గుర్తొచ్చి పళ్ళు కొరుక్కుని గంపెత్తుకుని ఇటొచ్చాను. ఓ గడియ పోయాక ఆ చిట్టియ్యే అటూ ఇటూ చూసి మెల్లిగా వచ్చాడు, "నెత్తళ్ళేనా? ఎళ్ళేటప్పుడు ఓ దోసెడు పోసి పో" అంటాడు. కంపుకి దోసెడు! నేను కళ్ళెర్రజేసి చూశాను. ఉలకవు పలకవు, మూగదానివా అన్నాడు. జాలిపడ్డాడు కూడాను, నా మొహం మండ. తరవాతెవరో ఇల్లాలు వచ్చి గంప మీద గుడ్డెత్తి చూసి బేరమడిగితే వేళ్ళతో చెప్పాను, ఆవిడ ఇంకొన్ని వేళ్ళు చూపించింది, నేనింకొన్ని. ఇదంతా తమాషాలా ఉందనుకుందో ఏంటో నవ్వుకుంటా ఎళ్ళిపోయింది. మృగశిర వచ్చి ఇంకా మూడో రోజే, ఊరూవాడా చేప కోసం ఎగబడే కాలం, ఈ గంప మధ్యాన్నానికి ఖాళీ అవ్వాల్సింది. ఖాళీ ఎట్టా అవుద్ది, చేపలమ్ముకునేదాని నోరు కట్టేసి కూచోబెడితే.

లోపలేమో పొద్దుట్నుంచీ ఒకటే గొడవ. కిటికీ తలుపులు తీసే ఉన్నాయి, అంతా వినపడతానే ఉంది. తంబురా ఒకటి జుంయ్ జుంయ్ మంటా కందిరీగల తుట్టెలాగ. దాని మీద ఒకడి తరవాత ఒకడు స రి స రి అంటా గొంతు చించుకుంటన్నారు. సరి సరి అని ఒప్పుకోటానికి ఇంత పొద్దెక్కాలా అయ్యా? ఆ పైన ఆ అంటా ఒక్క అక్షరాన్నే పట్టుకుని మెట్లెక్కి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి. ఆ అక్షరం అరిగిపోదా? ఆ పిల్లలకి తల్లులెవరూ లేరా, గోరువెచ్చని నీళ్ళిచ్చేవాళ్ళు లేరా అనిపించింది. ఒకడి గొంతు బాగానే ఉంది, వెన్నపూసలాగుంది. నాకు కోపమొచ్చింది. మా ఆడి కంటే బాగుందేమోనని కోపం. ఆ వెంటనే, బాగుంటే మంచిదేగదా, వీడికి రాదని చెప్పి పంపేస్తే పీడా పోద్ది, పన్నెండు కొట్టేలోగా మేస్టర్ల బడికి పోవచ్చు అనుకున్నాను. అట్టా అనుకున్నందుకు మళ్ళీ నా మీద నాకే కోపమొచ్చింది. తల్లినే గదా నేను.

అదీ అసలు సంగతి, పన్నెండు. తాసీల్దారు కచేరీ కాడ ఇందాకే గంట కొట్టారు, వేళ్ళు మడిచి లెక్కెట్టాను, పదకొండు. మేస్టర్లని తయారుచేసే గవర్నమెంటు బడి ఈ ఊళ్ళోనే ఉంది, బజారు దాటి పోవాలి, అందులో పేరు రాయించుకోటానికి ఇయ్యాలే ఆఖరు. పన్నెండు కొడితే గుమస్తా పుస్తకం మూసేస్తాడంట, ఇక కాళ్ళు పట్టుకున్నా తెరవడంట, మళ్ళీ వచ్చే ఏడే. పిల్లోడు ఎదురుగా నిలబడి సంతకం పెట్టాలంట. ఆ కాయితం నా కొంగున ముడేసుకున్నాను, చెమటకి తడిసిపోద్దేమోనని మాటిమాటికీ చూసుకుంటన్నాను. చూడు ఖర్మ, ఏడాదిలో ఇన్ని రోజులుండగా ఈ రెండు బళ్ళకీ ఒకే రోజు కావాల్సొచ్చింది. ఆ మేస్టర్ల బడిలో చేరితే తిండికి ఆళ్ళే ఇస్తారు, రెండేళ్ళు తిరిగేసరికి ఏదో ఒక ఊళ్ళో బడి, కుర్చీ, చేతిలో బెత్తం, వానొస్తే తలమీద కప్పు. ఇక్కడేముంది? ఎవరో జమీందారుగారు కొత్తగా పెట్టించారంట ఈ పాటల బడి. గొంతున్న పిల్లోడెవడైనా రావచ్చునని, సొంతంగా పాటలు కట్టేవాడికి ఒక చోటు, ఒక్కటే చోటు, విడిగా ఉంచామని అచ్చేసిన కాయితం కామేశం పంతులుగారు పట్టుకొచ్చి మా ఇంటి ముందు నిలబడి చదివారు. మా గుడిసెల్లోకి బాపనయ్య రావటమే ఓ వింత, దానికి తోడు చేతిలో కాయితం, ఎవరైనా పోయారేమోనని జనం మూగారు.

ఆయన మంచోడే, కాదన్ను. మా ఊరి బళ్ళో మా పిల్లల్ని అరుగు మీద కూచోబెట్టి చెప్పినా నాలుగక్షరాలు చెప్పింది ఆయనే. కోనసీమ నుంచి వచ్చిపడ్డాడు పాపం, ఆయనకీ ఉన్నది అంతంతే. కానీ ఆయన చేసిన పని ఏంటంటే, మా బుల్లియ్య అలివి వల కాడ పాడే పాటలు విని, ఇవి ఎవరు కట్టార్రా అనడిగి, నేనేనండి అని ఈడు అంటే, సిరా బుడ్డీ తెచ్చుకుని రాసుకోటం మొదలెట్టాడు. రాయటమేంటి? చేపలు పడతంటే అరుచుకునే అరుపులు, వల ఒడ్డుకొస్తే పాట అయిపోద్ది, మర్నాటికి ఇంకోటి. రాసేసరికి ఈడికి తలకెక్కింది. నేను పాటలు కట్టేవాణ్ణంట. అక్కణ్ణుంచి మొదలయింది గోల. పాదిరిగారి దొరసాని పిలిపించి వినింది, మా బడికి రా, హార్మోనీ నేర్పిస్తాం, కాకపోతే మా రాగానికి మా మాటలు పాడాలి అంది. మొన్న కాలవ పడవలో భుజాల దాకా జుట్టు పెంచుకున్న నాటకాల మనిషొకడు ఎక్కాడు, మా కంపెనీకి రారా, నీ మొహానికి ఆడవేషం అదిరిపోద్ది, బందరు దాకా తిప్పుతాం అన్నాడు. ఆణ్ణి కాలవలోకి తోసేద్దునే, పడవ నడిపే సరంగు అడ్డమొచ్చాడు. ఆ గొడవ చూసే మావాడు లాకుల కాడ ఒట్టేయించుకుంది. ఒకళ్ళు హార్మోనీ అంటారు, ఒకళ్ళు ఆడవేషం అంటారు, పంతులుగారు పాటల బడి అంటారు, నేను మేస్టరుగిరీ అంటాను. నలుగురూ నాలుగు వైపులా లాగితే వల చిరుగుద్ది, చేపా పోద్ది. ఈ మాట ఎవరికి చెప్పను?

మా ఆయన పల్లంరాజుకి చెప్తే ఏమన్నాడో తెలుసా. వల ముడులేసుకుంటా, తలకూడా ఎత్తకుండా, మీ ఇష్టం అన్నాడు. పెళ్ళయిన కాణ్ణుంచీ ఆ మాటే. ఇల్లు కాలిపోతందయ్యా అంటే కూడా మీ ఇష్టం అనే రకం. నాకు తిక్కరేగి, నీకో కొడుకున్నాడు, ఆడు ఏమైపోవాలో చెప్పవా అని వల లాగి పారేశాను. అప్పుడు తలెత్తాడు. "ఆడు పాడతంటే తాడు బరువు తెలవదే, అప్పాయీ" అన్నాడు. అంతే, మళ్ళీ ముడులు. ఇదొక సలహానా? బరువు తెలవకపోతే కడుపు నిండుద్దా? కానీ ఆ మాట అప్పట్నించీ చెవిలో జోరీగ దూరినట్టే ఉంది, వదల్లేదు.

తెలవదనేది నిజమే. అబద్ధమెందుకు, నేనూ ఆ తాడు లాగినదాన్నే. అలివి వల అంటే పడవలోకి లాగేది కాదు, సముద్రంలో వేసొచ్చి రెండు కొసలూ ఒడ్డు నుంచి లాగాలి, అటు పదిమంది, ఇటు పదిమంది, నడుం లోతు నీళ్ళలో. మధ్యలో ఇసక దిబ్బ మీద ఒకడు నిలబడి కేకేస్తాడు. ఆడు ఒక మాట పాడి ఆగాలి. మేమందరం ఉన్నామయ్యో ఉన్నాం అని బదులిస్తా ఆ ఊపులో లాగాలి. మళ్ళీ ఆడు, మళ్ళీ మేం. బదులు రాకపోతే కేకేసేవాడు రెండో మాట ఎత్తకూడదు. మా తాతల నాటి నుంచీ అదే కట్టు. ఎందుకంటే బదులు రాలేదంటే ఎవడో జారాడనో, అల కింద పడ్డాడనో లెక్క, ఆ మీద లాగితే తాడు మనిషిని కోసేస్తది. మాకు పాటంటే అది, ఉన్నారా అని అడగటం, ఉన్నామని చెప్పటం. వినేవాడి కోసం కాదు. నాలుగేళ్ళ కిందట ఓ కార్తీకంలో మా ఆయనకి గొంతు పట్టేసి బుల్లియ్యని నిలబెట్టారు దిబ్బ మీద, పన్నెండేళ్ళోణ్ణి. పెద్దోళ్ళ పాటలు రావు ఈడికి, నోటికొచ్చినట్టు సొంతంగా కట్టుకుంటా పోతన్నాడు, జనం నవ్వుకుంటా లాగుతన్నారు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. అదేంట్రా, బదులొచ్చిందిగా, పాడరా, వల జారిపోతంది అని అందరూ తిడతన్నారు. ఈడు పాడడే! మొహం తెల్లగా అయిపోయింది. "మరిడత్త పలకలేదు" అన్నాడు. ఇరవై గొంతుల్లో ఒక్క గొంతు తక్కువైందని ఎట్టా తెలిసిందో ఆ పసిచెవికి. తిరిగి చూస్తే మరిడమ్మ లేదు. కాలికి తాడు చుట్టుకుని నురగ కింద ఉంది. జుట్టు పట్టి లాగాం. ఇప్పటికీ బతికే ఉంది, నా గుడిసె పక్కనే, రోజూ నాతో పోట్లాట, ఆ నోరు ఆ రోజే పోయినా బాగుండేది అనుకుంటా ఉంటాను, ఊరికే.

ఈ ఆగటం గురించే, మాతో వచ్చిన పంతులుగారు పడవలో ఒకటికి పదిసార్లు పోరారు. ఒరే బుల్లియ్యా, అక్కడ నీ పాటకి బదులిచ్చేవాళ్ళెవరూ ఉండర్రా, వాళ్ళు కూర్చుని వింటారు, అంతే, కాబట్టి బదులు కూడా నువ్వే పాడేసి ముందుకి వెళ్ళాలి, ఆగకూడదు, ఆగితే మర్చిపోయావనుకుంటారు. ఈడు బుర్ర గోక్కున్నాడు. "అదెట్టా కుదురుద్దండీ పంతులుగారూ? పిలిచినోడే పలికితే ఎట్టా?" పంతులుగారు నెత్తి కొట్టుకున్నారు. నేను కూడా కొట్టుకున్నాను. పడవలో వాళ్ళందరి ముందూ సాధన చేయించారు, ఈడు ఒక మాట పాడతాడు, ఆగి నా మొహం చూస్తాడు, నేను అలవాటున పలకబోతాను, పంతులుగారు ఉరిమి చూస్తారు. నిడదవోలు కాడికి వచ్చేసరికి ఎట్టాగో తనే పిలిచి తనే పలకటం వచ్చిందనిపించాడు. వినటానికి మటుకు ఏం బాగాలేదు. ఖాళీ ఇంట్లో ఒక్కడే కూచుని రెండు విస్తళ్ళేసుకున్నట్టుంది.

ఆయ్, వస్తన్నారు పంతులుగారు, అరుగు దిగి. వీధి దాటి నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు, ఉత్తరీయంతో మొహం తుడుచుకుంటా. నేను లేచి నిలబడ్డాను, నోరు తెరవబోయి మూసేశాను. సూర్యుణ్ణి చూపించాను, పదివేళ్ళూ చూపించి ఇంకో రెండు చూపించాను, కొంగు ముడి చూపించాను, బజారు వైపు చూపించాను. ఆయన నవ్వాపుకున్నారు. "తెలుసు అప్పాయమ్మా, నాకు తెలీదా. ఇంకొక్కడే ఉన్నాడు, ఆ తరవాత మనవాడే. ఈ బడికి పెద్ద లక్ష్మీనరసింహం గారని, మనిషి కొరకరాని కొయ్యే గానీ పాట తెలిసినవాడు. కీర్తన పాడమంటారు, ఆ తరవాత సొంతది. ఎంతసేపు, ఇట్టే అయిపోతుంది. అయినాక పరిగెడదాం." ఇట్టే అయిపోద్దంట. బాపనోళ్ళ ఇట్టే నాకు తెలవదా, పెళ్ళిళ్ళలో చూడలా. నేను మళ్ళీ పన్నెండు చూపించాను, ఈసారి గట్టిగా, వేళ్ళు ఆయన ముక్కు దాకా పెట్టి. "అప్పాయమ్మా, ఒక్క మాట. రెండూ దక్కవు. ఏది పోయినా పర్లేదో నువ్వే చూసుకో. వాణ్ణి ఇప్పుడే బయటికి లాక్కొచ్చేయమంటావా, చెప్పు, లాక్కొస్తాను" అన్నారు. చూశావా, నా మీదికి తోశారు. ఒకాయన మీ ఇష్టం అంటాడు, ఈయన నువ్వే చూసుకో అంటాడు. నోరు కట్టేసినదాన్ని పట్టుకుని చెప్పు అంటారు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయన మళ్ళీ లోపలికెళ్ళిపోయారు.

ఎందుకనలేదు? ఊ అంటే అయిపోయేదిగా. తల ఆడిస్తే చాలు. ఏంటో, మెడ కదల్లేదు. నాకు కావాల్సింది ఏంటో నాకు తెలుసు, ఆడు నీళ్ళకి దూరంగా ఉండాలి. మా అన్న పెద్దిరాజు ఎక్కిన పడవ చెక్కముక్క కూడా ఒడ్డుకి రాలేదు. పగలంతా తిట్టుకుంటా తిరిగే ఈ అప్పాయమ్మకి సముద్రమంటే భయమని మా ఆయనక్కూడా తెలవదు. అందుకే మేస్టరు, అందుకే బెత్తం, కుర్చీ. ఆ మాట చెప్పుకోవచ్చు. ఇంకోటి ఉంది, అది చెప్పుకోలేను. ఈ పాటల బళ్ళో నేర్చుకుంటే ఆడు ఆళ్ళ పాట పాడతాడు. ఆ అంటా మెట్లెక్కుతాడు, దిగుతాడు. మా మాట మర్చిపోతాడు. మర్చిపోటమెందుకు, అప్పుడే మొదలెట్టేశాడుగా, నోరెత్తకమ్మా అని. పలకొద్దని తల్లితో చెప్పినవాడు రేపు ఎవరు ఈవిడ అంటే ఏం చెప్తాడు? చేపలావిడ అంటాడా? ఆ ఒట్టు వేసినప్పుడు పైకి నవ్వుతానే వేశాను గానీ, రాత్రంతా పడవలో ఆడి పక్కన పడుకుని కళ్ళు తెరుచుకునే ఉన్నాను. మేస్టరైతే మటుకు సిగ్గుపడడా అంటే, పడతాడు, పడితే పడనీ, మేస్టర్లు అందరూ అంతే. కానీ పాట పట్టుకుని మరీ సిగ్గుపడితే? నా నోట్లోంచి పోయిందే గదా ఆడి నోట్లోకి ఆ పాట. ఆడు నా కడుపులో ఉండగా కూడా తాడు లాగాను నేను, తొమ్మిదో నెల దాకా, ఉన్నామయ్యో ఉన్నాం అంటా. అది వినే పెరిగాడు ఆడు. ఏడుపొస్తంది, ఛీ, నడివీధిలో.

గోడ నీడ తగ్గిపోయింది. పొద్దున నా గంప, నేను, పక్కన ఇంకో మనిషి పట్టేంత ఉండేది, ఇప్పుడు కాళ్ళు ముడుచుకున్నా మడమల దాకానే. పన్నెండుకి ఎంతో లేదు. ఆ వెన్నపూస గొంతువాడు కూడా బయటికొచ్చేశాడు, వాళ్ళ నాన్న అనుకుంటా, జరీ కండువా, భుజం తడుతన్నాడు. ఇక లాభం లేదు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, గంగమ్మకి కోడినిచ్చుకుంటాను, బుల్లియ్యా బయటికి రారా అని ఇక్కణ్ణుంచే కేకేస్తాను. నా కేక నరసాపురం రేవులో వేస్తే అవతలొడ్డున వినపడుద్ది, ఈ వీధి ఎంత. లేచాను. గంపెత్తుకున్నాను. ఊపిరి పీల్చాను. అప్పుడే లోపల మావాడి గొంతు. కీర్తన ఎత్తుకున్నాడు. పంతులుగారు నేర్పినట్టే, పొల్లుపోకుండా, పాడాడు, భయం భయంగా, కొత్త చెప్పులేసుకున్నోడి నడకలాగా. అయిపోయింది. బాగుందనీ అన్లేదు, బాగాలేదనీ అన్లేదు ఎవరూ. "సొంతంగా కడతావటగా. పాడు" అన్నాడు ఎవరో పెద్దాయన, నోట్లో తమలపాకు ఉన్నట్టుంది మాట. సరే, ఇదొక్కటీ అవనీ, ఎంతసేపు, తరవాత కేకేద్దాం అనుకుని గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను.

"సందెకాడ సంద్రమమ్మ సద్దికట్టిందీ..." అని ఎత్తాడు. ఇది ఆ గొంతు, దిబ్బ మీది గొంతు. తంబురా ఆగిపోయింది. ఇక బదులు తనే పాడుకోవాలి, నిడదవోలు కాడ నేర్చుకున్నాడుగా. పాడరా. పాడడే! ఎవరో దగ్గారు. "సందెకాడ సంద్రమమ్మ సద్దికట్టిందీ..." మళ్ళీ అదే మాట, ఈసారి కొంచెం గట్టిగా. మళ్ళీ ఆగాడు. "మర్చిపోయాడు" అన్నారెవరో లోపల, ఇంకెవరో కిసుక్కుమన్నారు. "కంగారు పడకు, గుర్తు తెచ్చుకో" అన్నాడు ఆ తమలపాకాయన. మర్చిపోటమేంటయ్యా! ఆడు మర్చిపోలేదు. మరిడమ్మ పలకలేదని ఆగినోడు ఆడు. బదులు రాకుండా రెండో మాట ఎత్తితే మనిషి చచ్చిపోద్దని నేర్చుకున్నాడు, ఎట్టా ఎత్తుతాడు? మూడోసారి పిలిచాడు. గొంతు వణికింది. ఆ వణుకు నాకు తెలుసు, ఆ రోజు మొహం తెల్లగా అయినప్పటి వణుకు. అంతమంది పంతుళ్ళ మధ్య నా బిడ్డ ఉన్నారా ఉన్నారా అని అడుగుతన్నాడు, ఒక్కడూ పలకడే, కూచుని చూస్తన్నారు, చెట్టంత మనుషులు!

"ఉన్నామయ్యో ఉన్నాం!"

నేనే. నా నోరే. ఎప్పుడు తెరిచానో తెలవదు. ఒక్కదాన్నే అయినా ఉన్నాం అనే అనాలి, అట్టాగే అన్నాను, గంప నెత్తిన ఉంది, చెయ్యి తాడు పట్టినట్టు ముందుకి పోయింది. జట్కా గుర్రం చెవులు రిక్కించింది. చిట్టియ్య అయితే దెయ్యాన్ని చూసినట్టు చూసి, ఓలమ్మో మూగది అరిచింది అంటా కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు. కిటికీలో ఓ పిలక, ఓ కళ్ళజోడు కనపడ్డాయి. "ఎవరదీ?" "ఎవరో చేపలదండి, తరిమేత్తన్నానండి" అన్నాడు చిట్టియ్య. అయిపోయింది, కొంప ముంచాను, నా కొడుకుని నలుగుర్లో నగుబాటు చేశాను, ఒట్టు తప్పాను అనుకుంటన్నాను. లోపల్నించి వచ్చింది రెండో మాట. "సగం మనకి, సగం కొంగకి సాటుకెట్టిందీ..." ఎంత తేలిగ్గా వచ్చిందని! మనిషి దొరికినట్టు. నేను ఇచ్చాను బదులు, చిట్టియ్య మొహం మీదే ఇచ్చాను. "ఉండనియ్యరా, పాట సాగనీ" అన్నాడు కిటికీలో కళ్ళజోడాయన, ఆడు కర్ర దించాడు. "పెద్దమనిషి మీసమేమో పీత పట్టిందీ..." ఈసారి లోపల్నించి కూడా ఏదో గొంతు సన్నగా కలిసింది, పంతులుగారిదే, పాపం అపస్వరం. కలిస్తే కలిసింది.

కచేరీ కాడ గంట మొదలెట్టారు. టంగు. టంగు. లెక్కెట్టబోయాను, రెండు మాటలకీ మధ్య లెక్కెట్టటం కుదరదు, బదులు తప్పుద్ది. మూడో నాలుగో దాకా వచ్చి వదిలేశాను. కొంగు ముడి అట్టాగే ఉంది. గుమస్తా పుస్తకం మూసుకుంటన్నాడు అక్కడ, మూసుకోనీ. ఆఖరి గంట మోత ఆగాక మావాడు ఒక్క క్షణం ఊరుకున్నాడు, ఆ ఊరుకోటం నాకు తెలుసు, అప్పటికప్పుడు కడతన్నాడన్నమాట. కట్టాడు. నవ్వుతన్నట్టుంది గొంతు, ఏడుస్తన్నట్టు కూడా ఉంది.

"గంపకాడి గయ్యాళమ్మ ఒట్టు తప్పిందీ..."

లోపల ఘొల్లున నవ్వారు. నలుగురు పంతుళ్ళ ముందు, కన్నతల్లిని, నడివీధిలో! చచ్చినోడు, నా మీదే కట్టాడు. ఇంటికి రానీ చెప్తాను ఆడి సంగతి. పాడి ఆగాడు, మళ్ళీ నా కోసం. దానికీ బదులు నేనే ఇవ్వాలంట.

ఇచ్చాను. ఈ నోరంతా తెరిచి ఇచ్చాను.